మన పెరటికి ఏ స్ట్రాబెర్రీ?

మామిడి మొక్క కొనేటప్పుడు రకం తెలుసుకోకుండా ఎవరూ డబ్బులివ్వరు. బంగినపల్లా, చెరుకురసమా, సువర్ణరేఖా అని అడుగుతాం. అంటు మొక్కా, టెంక మొక్కా అని కూడా అడుగుతాం. కార్తీకమాసంలో నర్సరీకి వెళ్ళి స్ట్రాబెర్రీ మొక్క తెచ్చుకునేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న మన నోటికి రాదు. నల్లటి చిన్న కవర్లో నాలుగాకుల మొక్క, ఒక తెల్లపువ్వు, అదృష్టముంటే ఒక ఎర్రటి పండు. పేరు స్ట్రాబెర్రీ, అంతే. అది సంక్రాంతికి రెండు పుల్లటి పళ్ళిచ్చి, మార్చి ఎండలకు మాడిపోతే, మన వాతావరణానికి ఇది పనికిరాదని తేల్చేస్తాం. ఆ తీర్పు తొందరపాటుదని నా అభిప్రాయం. మన పెరట్లో, మిద్దెతోటలో స్ట్రాబెర్రీ పండుతుంది. అయితే అన్ని రకాలూ పండవు, అన్ని నెలల్లోనూ పండవు. ఏ రకం ఎప్పుడు పండుతుందో తెలియాలంటే ముందు ఈ మొక్క పూతకు ఎప్పుడు, ఎందుకు వస్తుందో తెలియాలి.

స్ట్రాబెర్రీ గులాబీ కుటుంబపు మొక్క. ఆపిల్, బేరి, బాదం కూడా ఆ కుటుంబానివే. నేలకు ఆనుకుని ఉండే పొట్టి కాండం నుంచి దీని ఆకులన్నీ పుట్టుకొస్తాయి. ఆ కాండాన్ని క్రౌన్ అంటారు. క్రౌన్‌లోని మొగ్గలు పరిస్థితిని బట్టి పూలగుత్తులు కావచ్చు, నేలమీద పాకే తీగలూ కావచ్చు. ఏది కావాలో మొక్క రెండు విషయాలు చూసుకుని నిర్ణయిస్తుంది. ఒకటి పగటి పొడవు, రెండోది వేడిమి. పగళ్ళు పొడవుగా, వాతావరణం వెచ్చగా ఉన్నంతకాలం తీగలు సాగుతాయి. పగళ్ళు కురచై చలి తగిలాక పూత మొదలవుతుంది. 2012లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు అడవి స్ట్రాబెర్రీలో దీని వెనకున్న ముఖ్యమైన జన్యువును గుర్తించారు. దాని పేరు టీఎఫ్ఎల్1. అది చురుగ్గా ఉన్నంతసేపూ పూత రాకుండా ఆపుతుంది. పొడవాటి పగళ్ళు, వేడి దాన్ని చురుగ్గా ఉంచుతాయి. చలి, కురచ పగళ్ళు దాన్ని అణుస్తాయి. ఏడాది పొడవునా పూసే గులాబీల్లోనూ ఇదే జన్యువు దెబ్బతిని ఉంటుందని అదే ఏడాది మరో పరిశోధక బృందం చూపించింది. పెరట్లో గులాబీ ఎందుకు ఆగకుండా పూస్తుందో, పక్కనే ఉన్న స్ట్రాబెర్రీ ఎందుకు చలికోసం ఎదురుచూస్తుందో ఒకే జన్యువు చెబుతోంది.

అమెరికా, యూరప్ తోటపని పుస్తకాలు తెరిస్తే స్ట్రాబెర్రీని మొదట రెండు వర్గాలుగా విడదీస్తాయి. పగళ్ళు కురచైనప్పుడు మొగ్గ కట్టి, చలికాలమంతా నిద్రపోయి, మే, జూన్ నెలల్లో ఒకేసారి విరగకాసేవి ఒక వర్గం. వీటిని అక్కడ జూన్ కాపు రకాలంటారు. పగటి పొడవుతో నిమిత్తం లేకుండా వసంతం నుంచి శరత్తు దాకా కాస్తూ ఉండేవి రెండో వర్గం, అంటే సదా కాపు రకాలు. ఈ రెండో గుణం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోదగ్గది. అమెరికాలోని యూటా రాష్ట్రపు వసాచ్ కొండల్లో దొరికిన అడవి స్ట్రాబెర్రీ మొక్కలో అది ఉంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రాయిస్ బ్రింగ్‌హర్స్ట్, విక్టర్ వోత్ దాన్ని తోట రకాలతో ఏళ్ళ తరబడి సంకరం చేశారు. ఆ కృషి ఫలించి 1970ల చివర తొలి రకాలు బయటికొచ్చాయి. ఇవాళ పేరున్న ఆల్బియన్, సీస్కేప్, శాన్ ఆండ్రియాస్ అన్నీ ఆ కొండమొక్క వారసులే.

అంతా చదివాక మనకూ సదా కాపు రకమే మేలనిపిస్తుంది. ఏడాదంతా కాసేది ఉండగా ఒకేసారి కాసి ఆగిపోయేది ఎందుకని ఎవరైనా అనుకుంటారు. ఇక్కడే పుస్తకం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే అది రాసింది వేరే అక్షాంశం కోసం. లండన్‌లో జూన్‌లో పగలు పదహారున్నర గంటలు. న్యూజెర్సీలో 15 గంటలు. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి పొడవైన పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, అతి కురచది సుమారు 11 గంటల 5 నిమిషాలు. జూన్ కాపు రకాలు మధ్యస్థమైన వేడిమిలో మొగ్గ కట్టడానికి పగలు దాదాపు 14 గంటల లోపు ఉంటే చాలు. అంటే మన దగ్గర ఏడాది పొడవునా వాటికి కురచ పగళ్ళే. పగటి పొడవు మన పెరట్లో పూతకు ఏనాడూ అడ్డు కాదు. అడ్డల్లా వేడి. సగటు వేడిమి సుమారు 26 డిగ్రీలు దాటాక ఏ వర్గపు మొక్కైనా కొత్త మొగ్గ కట్టడం మానేస్తుంది. ఏడాదంతా కాసే రకాన్ని తెచ్చి మేలో మిద్దెమీద పెట్టినా అది కాయదు. దానికి కాలిఫోర్నియా కోస్తాలోలా 20, 22 డిగ్రీల వేసవి పగళ్ళు కావాలి.

కాబట్టి రకం ఎంచుకునే ముందు చూసుకోవాల్సింది మన ఊరి రాత్రులు ఎంత చల్లగా ఉంటాయన్నది. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్‌లో రాత్రి వేడిమి సగటున 14, 15 డిగ్రీలకు దిగుతుంది. ఆదిలాబాద్ వైపు ఇంకా తక్కువ. ఈ ఊళ్ళకు స్ట్రాబెర్రీ చక్కగా సరిపోతుంది. విశాఖ, విజయవాడల్లో సముద్రగాలి వల్ల, తేమ వల్ల రాత్రులు 18, 19 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. అక్కడ కాపు తగ్గుతుంది, పండు చిన్నదవుతుంది, కాలం కూడా నెలన్నరకు కుదించుకుపోతుంది. అదే విశాఖ నుంచి కొండెక్కి, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న లంబసింగికి వెళితే పరిస్థితి వేరు. చలికాలపు తెల్లవారుజామున అక్కడ వేడిమి సున్నాకు దగ్గరగా పడిపోయే రోజులుంటాయి. చింతపల్లి ప్రాంతంలో ఇప్పుడు శీతాకాలపు పర్యాటకులు చేలోకే దిగి స్ట్రాబెర్రీ కొనుక్కుంటున్నారంటే కారణం ఆ రాత్రులే.

మన మైదాన ప్రాంతాలకు దగ్గరి వాతావరణంలో, చలికాలపు కాపు కోసమే రకాలు రూపొందించిన చోటు ఒకటుంది. అది ఫ్లోరిడా. అక్కడి ప్లాంట్ సిటీ చుట్టుపక్కల రైతులు అక్టోబరులో నాటి నవంబరు చివర నుంచి మార్చి దాకా కోస్తారు. వేసవిలో వాళ్ళ పొలంలోనూ స్ట్రాబెర్రీ నిలవదు. వాళ్ళ చలికాలం మనకన్నా కొంచెం చల్లన, అయినా నాటే నెల, కోసే నెల, ముగిసే నెల మనవే. అక్కడి విశ్వవిద్యాలయం ఈ రైతుల కోసం 1992లో స్వీట్ చార్లీ, 2000లో ఫెస్టివల్, 2005లో వింటర్ డాన్ విడుదల చేసింది. ఈ మూడూ గడ్డకట్టే చలి అడగవు, త్వరగా పూతకొస్తాయి. మన చలి పట్టుమని మూడు నెలలే కాబట్టి త్వరగా కాయడం అన్నది మనకు అన్నిటికన్నా ముఖ్యమైన గుణం.

ఇంటి తోటకు ఒక్క రకమే పెట్టాలంటే నేను స్వీట్ చార్లీ వైపు మొగ్గుతాను. పులుపు తక్కువ, తీపి ముందుగా తెలుస్తుంది, పిల్లలు ఇష్టపడతారు. పండు మెత్తన, ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. మార్కెట్‌కు పంపేవాళ్ళకు అది లోపం గానీ కోసిన వెంటనే తినేవాళ్ళకు కాదు. వింటర్ డాన్ దానికన్నా పెద్ద పండిస్తుంది, తొలి కోతల్లోనే ఎక్కువ కాస్తుంది, రుచి ఒక మెట్టు కింద. రెండూ చెరిసగం నాటుకుంటే మంచి జోడీ. కాలిఫోర్నియా వాళ్ళు 1990లలో తెచ్చిన కామరోసా గట్టి పండు, లారీల్లో దూరప్రయాణాలు చేసేందుకు పుట్టినది. పూర్తిగా ఎర్రబడి ముదురు రంగు తిరిగాకగానీ దానికి రుచి రాదు. అంతకన్నా పాతదైన చాండ్లర్ రుచిలో నాకు కామరోసాకన్నా నచ్చుతుంది, కాకపోతే కాపుకు రావడానికి ఆలస్యం చేస్తుంది, మన చలి అప్పటికి సగం అయిపోతుంది. నబీలా అని మహాబలేశ్వర్‌లో పండించే మరో రకం కూడా నర్సరీల్లో కనబడవచ్చు. ఆల్బియన్ చాలా మంచి పండు, కానీ దానికి అరకు, లంబసింగి, ఊటీ వంటి చోట్లే న్యాయం జరుగుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఈ సలహా తిరగబడుతుంది. కాలిఫోర్నియా బే ఏరియాలో పెరడున్న తెలుగువాళ్ళకు సీస్కేప్, ఆల్బియన్ ఎంచదగినవి. అక్కడి వేసవి చల్లదనం వాటికోసమే అన్నట్టుంటుంది. న్యూజెర్సీ, ఒహాయో, ఇల్లినాయిల్లో ఉన్నవాళ్ళు ఎర్లీగ్లో, జ్యూయెల్, ఆల్‌స్టార్ వంటి జూన్ కాపు రకాలు పెట్టుకోవాలి. అవి మంచు కింద నిద్రపోయి లేస్తాయి. ఎర్లీగ్లో చిన్న పండే అయినా వాసనలో దానికి సాటి తక్కువ. ఆ రుచి మరిగినవాళ్ళు సంక్రాంతికి ఇంటికొస్తూ రెండు మొక్కలు సూట్‌కేసులో పెట్టుకురావాలనుకోవచ్చు. దయచేసి ఆ పని చేయొద్దు. చలి నిద్ర లేకుండా ఆ రకాలు మన దగ్గర సరిగా కాయవు. పైగా అనుమతి లేకుండా మొక్కలు తేవడాన్ని 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు నిషేధిస్తోంది. వేళ్ళకు అంటుకొచ్చే ఒక్క నులిపురుగు, ఒక్క వైరస్ ఇక్కడి రైతు పొలానికి చేసే చేటు మనం ఊహించలేం.

విత్తనాల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో స్ట్రాబెర్రీ విత్తనాల అమ్మకం బాగా జరుగుతోంది. నీలం రంగు స్ట్రాబెర్రీ బొమ్మ వేసిన ప్యాకెట్లు కూడా అమ్ముతున్నారు. నీలం స్ట్రాబెర్రీ ఈ భూమ్మీద లేదు. ఎర్ర స్ట్రాబెర్రీ విత్తనం నిజమైనదే అయినా, దాన్నుంచి వచ్చే మొక్క తల్లిని పోలి ఉండదు. ఎందుకో అర్థం కావాలంటే మూడు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1712లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ తన సైనిక ఇంజనీరు అమెదీ ఫ్రాన్స్వా ఫ్రెజియేను దక్షిణ అమెరికాకు పంపాడు. చిలీ, పెరూ తీరాల్లో స్పెయిన్ వాళ్ళ కోటలు ఎక్కడెక్కడ ఉన్నాయో గుట్టుగా చూసి పటాలు గీసుకురావడం అతని పని. చిలీలో కన్సెప్సియోన్ అనే చోట, అక్కడి స్థానిక ప్రజలు తరతరాలుగా సాగుచేస్తున్న పెద్ద స్ట్రాబెర్రీ అతనికి కనబడింది. యూరప్ అడవి స్ట్రాబెర్రీ చిటికెన వేలి గోరంత ఉంటే, ఇది వాల్‌నట్ కాయంత ఉంది. మొక్కలు ఓడలో వేసుకుని బయల్దేరాడు. ఆరు నెలల ప్రయాణం, ఓడలో మంచినీళ్ళకు కొలతలు. నీళ్ళు తెచ్చుకోవడానికి సరుకుల అధికారికి రెండు మొక్కలు ఇస్తానని ఒప్పుకోవాల్సి వచ్చింది. 1714లో మార్సేయి రేవు చేరేసరికి ఐదు మొక్కలు బతికి ఉన్నాయి. వాటిని పంచిపెట్టారు, తోటల్లో నాటారు, పూలు పూశాయి. కాయలు మాత్రం లేవు. చిలీ జాతిలో ఆడ, మగ పూలు సాధారణంగా వేర్వేరు మొక్కలకు పూస్తాయి. పెద్ద పండున్న మొక్కలనే ఏరడంతో ఫ్రెజియే తెచ్చినవన్నీ ఆడ మొక్కలే. కొన్నేళ్ళ తర్వాత బ్రిటనీ ప్రాంతపు తోటల్లో, ఉత్తర అమెరికా నుంచి అప్పటికే వచ్చి ఉన్న వర్జీనియా స్ట్రాబెర్రీ వీటి పక్కన నాటుకున్నాక, దాని పుప్పొడితో ఇవి కాశాయి. ఆ రెంటి కలయికలో ఈనాటి తోట స్ట్రాబెర్రీ పుట్టింది. ఆ సంగతి తేల్చి చెప్పినవాడు ఆంటోయిన్ నికోలాస్ దుషేన్. 1766లో అతని పుస్తకం వచ్చేనాటికి అతని వయసు ఇరవై ఏళ్ళు కూడా లేవు. వేల మైళ్ళ దూరంలో వేర్వేరుగా పెరిగిన రెండు అమెరికా జాతులు ఫ్రాన్స్ తోటలో కలవడం నాకు చదివిన ప్రతిసారీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆ సంకరం వల్లే విత్తనం నమ్మదగ్గది కాదు. మనిషి కణాల్లో క్రోమోజోములు రెండు సెట్లుగా ఉంటే స్ట్రాబెర్రీలో ఎనిమిది సెట్లుంటాయి, సెట్టుకు ఏడు చొప్పున మొత్తం 56. 2019లో కామరోసా రకపు జన్యుపటాన్ని పూర్తిగా చదివి ప్రచురించారు. ఇన్ని ప్రతులున్న జన్యువులు ప్రతి తరంలో కొత్తగా కలుస్తాయి కాబట్టి స్వీట్ చార్లీ విత్తనం నుంచి స్వీట్ చార్లీ రాదు. రకం నిలవాలంటే తీగ ద్వారా పెంచిన పిల్ల మొక్కో, టిష్యూ కల్చర్ మొక్కో కావాలి. యూరప్ అడవి స్ట్రాబెర్రీకి చెందిన ఆల్పైన్ రకాలు మాత్రం విత్తనంతో దాదాపు యథాతథంగా వస్తాయి. వాటి పండు చిన్నది, వాసన గొప్పది, కానీ అవి మన ఎండకు ఓర్చవు. ఇంకొక జాగ్రత్త. పసుపు పూలు పూసి, ఎర్రటి గుండ్రని కాయలు పైకి నిలబెట్టే మొక్క ఒకటి కొండ ప్రాంతాల్లో విరివిగా ఉంటుంది. చూపుకు స్ట్రాబెర్రీయే, నోట్లో పెట్టుకుంటే ఏ రుచీ ఉండదు. స్ట్రాబెర్రీ పువ్వు తెల్లనిది. పసుపు పువ్వున్న మొక్కను ఎవరు ఏ పేరుతో అమ్మినా తీసుకోవద్దు.

మన నర్సరీలకు వచ్చే మొక్కల్లో చాలా భాగం మహారాష్ట్రలోని సతారా జిల్లా నుంచి వస్తుంది. మహాబలేశ్వర్, పంచగని, భిలార్ ప్రాంతాలు దేశపు స్ట్రాబెర్రీకి కేంద్రం. బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచీ అక్కడ ఈ సాగు ఉంది. మహాబలేశ్వర్ స్ట్రాబెర్రీకి 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడి రైతులు విదేశాల నుంచి తల్లిమొక్కలు తెప్పించి, వానాకాలంలో తీగలు సాగనిచ్చి, వాటికి వేళ్ళు పుట్టించి, సెప్టెంబరు, అక్టోబరుల్లో పొలంలో నాటుతారు. అందువల్ల మంచి మొక్క మనకు దొరికేది దసరా, దీపావళి మధ్యనే. ట్రేలో పెంచిన మొక్కైతే మేలు. క్రౌన్ పెన్సిల్ మందాన ఉండాలి. వేళ్ళు తెల్లగా, ట్రే గుంత నిండా అల్లుకుని ఉండాలి. పండుతో ఉన్న మొక్కను చూసి మనసు పడొద్దు. చిన్న కవర్లో పండు మోస్తున్న మొక్క తన బలమంతా ఖర్చు పెట్టేసుకుని ఉంటుంది.

ఇక మట్టి, నీళ్ళు. వీటిలో నీళ్ళ గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన పట్టణాల్లో స్ట్రాబెర్రీ చనిపోవడానికి ఎండ తర్వాత పెద్ద కారణం బోరునీళ్ళు. ఉప్పుకు ఇంత త్వరగా లొంగిపోయే పంటలు తక్కువ. నేలలో ఉప్పుదనాన్ని విద్యుత్ వాహకతతో కొలుస్తారు. టమాటా మీటరుకు రెండున్నర డెసిసీమెన్ల దాకా దిగుబడి తగ్గకుండా తట్టుకుంటుంది. స్ట్రాబెర్రీకి ఒక్కటి దాటగానే దిగుబడి పడిపోతుంది, ఆపైన పెరిగే ప్రతి డెసిసీమెన్‌కూ మూడో వంతు చొప్పున తరుగుతుంది. హైదరాబాద్ శివార్లలో ఎన్నో బోర్ల నీళ్ళు ఆ హద్దు దాటే ఉంటాయి. ఆకు అంచులు గోధుమరంగుకు తిరిగి ఎండిపోతుంటే, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంటే అది ఉప్పే. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపెక్కితే, నీటిలోని సున్నం వల్ల వేళ్ళకు ఇనుము అందడం లేదని అర్థం. తాగునీటి కోసం ఇంట్లో టీడీఎస్ మీటరు ఉంటే ఆ నీళ్ళలో పెట్టి చూడండి. 600 దాటితే ఆ నీళ్ళు స్ట్రాబెర్రీకి వద్దు. మంజీరా, కృష్ణా, గోదావరి నల్లా నీళ్ళు వస్తుంటే అవి వాడండి. దాచిన వాననీళ్ళున్నవాళ్ళకు ఇక చింతే లేదు. ఆర్.ఓ. నుంచి బయటికి పోయే నీళ్ళు మాత్రం ఈ మొక్కకు పోయకూడదు. వడపోతలో మిగిలిన ఉప్పంతా అందులోనే ఉంటుంది.

మట్టి కొంచెం ఆమ్లగుణంతో, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి, నీరు నిలవకూడదు. ఎర్రమట్టికి ఈ రెండూ కుదురుతాయి. నల్లరేగడి క్షారగుణంతో ఉండి నీటిని పట్టి ఉంచుతుంది, కాబట్టి అందులో నేరుగా నాటొద్దు. అక్కడ ఇటుకలతో జానెడు ఎత్తు మడి కట్టి వేరే మట్టి నింపుకోవాలి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ సమపాళ్ళలో కలిపి, గుప్పెడు వేపపిండి వేస్తే చాలు. కోకోపీట్‌లో కూడా ఉప్పు ఉంటుంది. రెండు మూడుసార్లు మంచినీళ్ళలో నానబెట్టి పిండి వాడండి. ఈ మొక్క వేళ్ళు చాలావరకు పై జానెడు మట్టిలోనే ఉంటాయి. లోతైన డ్రమ్ము అక్కర్లేదు, వెడల్పాటి తొట్టి కావాలి. పైపొర ఒక్కరోజు ఎండినా మొక్క బాధపడుతుంది కనుక కొద్దికొద్దిగా, తరచుగా తడపాలి.

నాటడంలో ఒక్క సంగతి సరిగ్గా చేస్తే మిగతావి మొక్కే చూసుకుంటుంది. క్రౌన్ సగం మట్టిలో, సగం పైన ఉండాలి. లోతుగా పాతితే మొగ్గ కుళ్ళిపోతుంది, పైకి ఉంచితే వేళ్ళు ఎండుతాయి. మొక్కకూ మొక్కకూ అడుగు దూరం ఉంచండి. సాయంత్రం పూట నాటి, పది రోజులు మధ్యాహ్నపు ఎండ తగలకుండా చూసి, తర్వాత రోజుకు కనీసం ఆరు గంటల ఎండలోకి మార్చాలి. మొదటి ఏడాది పూలన్నీ తుంచేయమని చలిదేశాల పుస్తకాలు చెబుతాయి. మనకు అంత తీరిక లేదు. నాటిన రెండు మూడు వారాల్లోపు వచ్చే పూలను తుంచి, ఆ తర్వాతి వాటిని ఉంచేయండి. తీగలు మాత్రం కనబడగానే కత్తిరించాలి. మొక్కల కింద వరిగడ్డి పరిస్తే పండు మట్టికి తగలదు, కుళ్ళదు, తేమా ఆరిపోదు. మన ఊళ్ళలో దానికన్నా మంచి, చవకైన మల్చింగ్ దొరకదు.

పూత వచ్చాక తేనెటీగల వంతు. మనం పండు అనుకుని తినే ఎర్రటి భాగం నిజానికి పువ్వు అడుగున ఉండే పీఠం ఉబ్బి కండ పట్టినది. పైన గింజల్లా కనబడే ఒక్కొక్కటీ ఒక పండు, ఒక్కో స్ట్రాబెర్రీ మీద అలాంటివి రెండు వందల దాకా ఉంటాయి. 1950లో జాన్ పియేర్ నిచ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఎదుగుతున్న కాయల మీది గింజలను గిల్లేసి చూశాడు. కాయ ఎదగడం ఆగిపోయింది. గింజల స్థానంలో ఆక్సిన్ అనే హార్మోను పూస్తే మళ్ళీ ఎదిగింది. అంటే ప్రతి గింజా తన కింది కండను తానే ఎదిగిస్తోంది. పుప్పొడి అందని గింజలున్న వైపు కాయ నొక్కుకుపోయి వంకర తిరుగుతుంది. మీ కుండీలో కాయలు వంకరగా వస్తుంటే ఎరువు లోపం కన్నా ముందు దీన్నే అనుమానించండి. పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉన్నా, తేనెటీగ పువ్వంతా కలియతిరిగితేనే అన్ని గింజలకూ పుప్పొడి అందుతుంది. పక్కన తులసి, బంతి పెట్టండి, ఈగలు వాటంతటవే వస్తాయి. పై అంతస్తుల్లో ఈగలు రాకపోతే పొద్దున పది గంటల వేళ మెత్తని కుంచెతో పువ్వు మధ్యలో సుతారంగా చుట్టూ తిప్పితే సరిపోతుంది. పూత సమయంలో పురుగుమందు జోలికి పోవద్దు.

పువ్వు నుంచి పండుకు మన చలికాలంలో దాదాపు నెల పడుతుంది. ఆ నెలలో రాత్రులు చల్లగా ఉంటే, పగలు ఎండలో ఆకు తయారుచేసిన చక్కెరను మొక్క రాత్రి శ్వాసలో తక్కువగా ఖర్చు చేస్తుంది, మిగిలింది పండుకు చేరుతుంది. జనవరి పండు తీపిగా, మార్చి పండు చిన్నగా, పుల్లగా ఉండడానికి ఒక కారణం ఇది. రుచిలో తీపి తర్వాతిది వాసన. ఫ్యురనియోల్ అనే పదార్థం పాకం వాసనను, గామా డెకాలాక్టోన్ పీచ్ పండు వాసనను ఇస్తాయి. రెండో దాన్ని తయారుచేసే జన్యువు కొన్ని రకాల్లో ఉంటుంది, కొన్నింట్లో ఉండనే ఉండదు. లేని రకానికి ఎంత ఎరువు వేసినా ఆ వాసన రాదు. ఇవి రెండూ పండు పూర్తిగా ఎర్రబడే చివరి రోజుల్లోనే ఎక్కువగా చేరతాయి. మామిడి, అరటిలా కోసి పెడితే స్ట్రాబెర్రీ మాగదు. రంగు ముదురుతుందేమో గానీ తీపి పెరగదు. మార్కెట్ పండు దూరం పోవాలి కనుక ముప్పాతిక ఎరుపులోనే కోస్తారు. తొడిమ కింది తెల్లటి పట్టీ కూడా ఎర్రబడేదాకా ఆగగలిగే అవకాశం ఇంట్లో పెంచుకునేవాళ్ళకే ఉంది. ఆ చివరి రెండు రోజుల కోసమే ఈ శ్రమంతా పడొచ్చంటాను.

ఆ రెండు రోజుల కోసం ఉడుతలు, పిగిలిపిట్టలు కూడా కాచుకుని ఉంటాయి. సన్నటి వల కప్పాలి, పూత ఉన్నన్నాళ్ళూ పగలు కాసేపు తెరిచి ఈగలకు దారివ్వాలి. పొగమంచు రోజుల్లో బూడిదరంగు బూజు పట్టిన పండు కనబడితే వెంటనే తీసి దూరంగా పారేయండి, లేకుంటే గుత్తంతా పాకుతుంది. ఫిబ్రవరి ఎండ ముదిరేసరికి ఆకుల అడుగున ఎర్రనల్లి చేరుతుంది. ఆకు అడుగు భాగం తడిసేలా నీళ్ళు బలంగా చిమ్మితే చాలావరకు తగ్గుతుంది, మొండికేస్తే వేపనూనె.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దల మాట. స్ట్రాబెర్రీ కాలం కూడా దాంతోనే ముగుస్తుంది. పగటి వేడి 30 డిగ్రీలు దాటాక పుప్పొడి బలహీనపడుతుంది, కొత్త మొగ్గ కట్టదు. ఇక్కడ చాలామంది మొక్కను వేసవి దాటించాలని తాపత్రయపడతారు. షేడ్ నెట్ కింద, గోడనీడన పెట్టి రోజుకు రెండుసార్లు తడిపితే కొన్ని బతుకుతాయి, వానాకాలంలో తీగలు కూడా సాగుతాయి. కానీ అలా బతికిన మొక్క వేళ్ళలో, క్రౌన్‌లో తెగుళ్ళు మిగిలి ఉంటాయి, రెండో ఏడు కాపు సగానికి పడిపోతుంది. ఫ్లోరిడా, కాలిఫోర్నియాల రైతులే ఏటా తీసేసి కొత్త మొక్కలు నాటుతున్నారు. నా సలహా కూడా అదే. మిరప, టమాటాలాగే దీన్నీ ఒక కాలపు పంట అనుకోండి. మొక్కకు పావుకిలో పళ్ళు వస్తే మన మిద్దెతోటకు మంచి కాపే. పది మొక్కలుంటే ఒక ఇంటికి రెండు నెలలు సరిపోతుంది. ఉగాది నాటికి వాటిని పీకేసి, ఆ మట్టిలో కొంచెం పశువుల ఎరువు కలిపి తోటకూర చల్లుకోండి. దసరా వచ్చేసరికి కొత్త మొక్కలకు చోటు సిద్ధంగా ఉంటుంది.